పందిరి విప్పిన మర్నాడు

వినాయక నిమజ్జనం అయిన మర్నాడు మా వీధి ఎలా ఉంటుందో మీకు వేరే చెప్పక్కర్లేదు. మీ వీధీ అలాగే ఉంటుంది. తొమ్మిది రోజులూ పిల్లల మకాం ఆ పందిట్లోనే. చందాల పుస్తకం పట్టుకు తిరిగినవాళ్ళూ వాళ్ళే, రంగుకాగితాలు అతికించినవాళ్ళూ వాళ్ళే, మైకు దొరికితే చాలు తప్పో ఒప్పో ఒక పద్యం అప్పజెప్పేసేవాళ్ళూ వాళ్ళే. పదో రోజున షామియానా మనుషులు వచ్చి గుంజలు పీక్కుపోతారు. ఆ గుంటల చుట్టూ పిల్లలు ఏం చెయ్యాలో తోచక తచ్చాడుతూ ఉంటారు. మనం గుమ్మంలోంచి కేకేస్తాం, "ఇంకా అక్కడేముందిరా, లోపలికి రా!" అని.

లోపల చోటున్న పిల్లలకి ఫరవాలేదు. ఇల్లే ఇరుకైన పిల్లల మాటేమిటి? అమెరికాలో కట్టి, విప్పేసిన ఒక కళాఖండం గురించి చదువుతుంటే నాకీ ప్రశ్న పట్టుకుంది. న్యూయార్క్ వెళ్ళి దాన్ని చూసినదాన్ని కాను సుమండీ. ఫొటోలూ, దాని మీద వచ్చిన రాతలూ చూసి చెబుతున్నాను.

2013లో న్యూయార్క్ నగరంలోని బ్రాంక్స్‌లో, ఫారెస్ట్ హౌసెస్ అనే చోట కట్టారు దాన్ని. తక్కువ ఆదాయం వాళ్ళకి ప్రభుత్వం అద్దెకిచ్చే ఇళ్ళు అవి. 15 పెద్ద భవనాలు, మూడు వేల పైచిలుకు జనం, ఎక్కువమంది నల్లవాళ్ళూ, స్పానిష్ మాట్లాడేవాళ్ళూ. ఆ భవనాల మధ్య గడ్డి మీద స్విట్జర్లాండ్ కళాకారుడు థామస్ హిర్ష్‌హార్న్ 'గ్రాంషి మాన్యుమెంట్' నిలబెట్టాడు. డబ్బు పెట్టింది డియా ఆర్ట్ ఫౌండేషన్.

మాన్యుమెంట్ అనగానే మనకి రాతి విగ్రహం, చుట్టూ ఇనుప కంచె, నెత్తిమీద కాకి గుర్తొస్తాయి. ఇది అలాంటిది కాదు. ప్లైవుడ్ చెక్కలు, పార్సిళ్ళకి అంటించే టేపు, నీలం టార్పాలిన్లు, వీటితో కట్టిన గదులూ, వాటిని కలిపే ఒక వంతెనా. అందులో ఒక లైబ్రరీ, ఒక రేడియో స్టేషను, కంప్యూటర్ల గది, రోజుకో సంచిక అచ్చువేసే పత్రిక, పిల్లలు బొమ్మలు వేసుకునే తరగతి, కూర్చుని కబుర్లు చెప్పుకునే చోటు. కట్టినవాళ్ళూ, నడిపినవాళ్ళూ చాలామటుకు ఆ ఇళ్ళవాళ్ళే. ఊరికే చాకిరీ చేయించుకోలేదు, గంటల లెక్కన కూలి ఇచ్చారు. చోటు వెతకడానికి హిర్ష్‌హార్న్ ఆ నగరంలో ఇలాంటి ఇళ్ళ సముదాయాలు 40కి పైగా తిరిగాడట. ఫారెస్ట్ హౌసెస్‌లో అద్దెదార్ల సంఘం అధ్యక్షుడు ఉత్సాహంగా ముందుకొచ్చాడు గనక అక్కడ స్థిరపడ్డాడు.

ఇంతకీ గ్రాంషి ఎవరంటారా? ఇటలీ మేధావి, కమ్యూనిస్టు నాయకుడు. 1926లో ముస్సోలినీ ప్రభుత్వం జైల్లో పెట్టింది. జైల్లోనే 30కి పైగా నోటుపుస్తకాలు నింపి, 1937లో చనిపోయాడు. ఆలోచించడం చదువుకున్నవాళ్ళ సొత్తు కాదు, ప్రతి మనిషిలోనూ ఒక మేధావి ఉంటాడని వాదించినవాడు. ఆయన జైల్లో వాడిన వస్తువులు కొన్ని, చెప్పుల జతతో సహా, ఇటలీనించి తెచ్చి ఆ చెక్క గదిలో పెట్టారు. రోజూ అక్కడ తత్త్వశాస్త్రం మీద ఉపన్యాసం జరిగేది. కానీ సందడంతా ఎక్కడయ్యా అంటే కంప్యూటర్ల గదిలోనూ, బొమ్మల తరగతిలోనూ. వేసవి సెలవులు. బడి లేదు. పిల్లలు మరి ఎక్కడికి పోతారు?

జులై 1న మొదలైంది. సెప్టెంబరు 15తో సరి. 77 రోజులు. తరవాత మొత్తం విప్పేసి, ఆ సామాను అక్కడి కుటుంబాలకి లాటరీ వేసి పంచారు.

లాటరీలో అన్యాయం లేదు. కళాకారుడు దేన్నీ మూటకట్టుకు పోలేదు కూడా. అయినా ఆ లాటరీ దగ్గరే నా మనసు ఆగిపోయింది. నలుగురిదీ అయిన గది, మర్నాటికి ఎవరికి వారి సామానైపోయింది. ఒకరింట్లో ఒక వస్తువు, ఇంకొకరింట్లో మరొకటి. లైబ్రరీ మాత్రం ఎవరింట్లోనూ లేదు.

హిర్ష్‌హార్న్ పక్షాన చెప్పవలసింది చాలా ఉంది. ఆయన ఎవర్నీ మోసం చెయ్యలేదు. ఇది కొన్నాళ్ళే అని మొదటినించీ చెప్పాడు. తను సంఘసేవకుణ్ణి కాననీ, కళాకారుణ్ణనీ అన్నాడు. పేదపిల్లల్ని చూసి "అయ్యో పాపం" అనే ధోరణి ఆ పనిలో ఎక్కడా లేదు, అది నాకు నచ్చింది. పైగా పిల్లలకి లైబ్రరీ, ఆడుకునే గది ఏడాది పొడుగునా ఇవ్వవలసింది నగరం. కళాకారుడే అక్కడ శాశ్వతంగా కూర్చుంటే, "ఆయన చూసుకుంటున్నాడుగా" అని నగరం చేతులు దులుపుకోదూ? ఈ వాదం కొట్టిపారెయ్యడానికి వీల్లేదు.

అయితే నా అభ్యంతరం 77 రోజుల మీద కాదు. కట్టేటప్పుడు అందర్నీ పిలిచారు. నడిపేటప్పుడు అందర్నీ పిలిచారు. విప్పే తేదీ మాత్రం ముందే రాసి ఉంది. పిల్లిని ఎవరు తెచ్చారన్నది కాదు, పాలు మానిపించే రోజు ఎవరు నిర్ణయించారన్నది ప్రశ్న. ప్రతి మనిషీ ఆలోచించగలడన్న వాడి పేరు మీద కట్టినచోట, "దీన్నేం చేద్దాం?" అని ఆ మనుషుల్నే అడిగి ఉండవద్దూ? ఒక్క పిల్లల గది ఉంచుకుంటామని వాళ్ళంటే, అది కళకి అవమానమా?

అడిగితే ఏమవుతుందో చూపించిన చోటు ఒకటుంది. హ్యూస్టన్‌లో రిక్ లోవ్ అనే నల్లజాతి చిత్రకారుడు పేదల కష్టాల మీద బొమ్మలు వేసేవాడు. వాటిని చూడటానికొచ్చిన ఒక హైస్కూలు కుర్రాడు, మా కష్టాలు మాకు తెలుసు, వాటినే బొమ్మకట్టి మాకు చూపించడం దేనికి, కళాకారుడివైతే ఏదైనా ఉపాయం సృష్టించవచ్చుగా అన్నాడట. ఆ మాట లోవ్‌కి సూటిగా తగిలింది. 1993లో మరో ఆరుగురు కళాకారులతో కలిసి, నల్లవాళ్ళ పేట అయిన థర్డ్ వార్డ్‌లో పాడుబడిన 22 చిన్న ఇళ్ళని బాగుచెయ్యడం మొదలుపెట్టాడు. అదే 'ప్రాజెక్ట్ రో హౌసెస్'. కొన్ని ఇళ్ళలో చిత్రకళ, కొన్నిట్లో పసిబిడ్డలతో ఒంటరిగా ఉండి చదువుకునే తల్లులకి వసతి. ముప్ఫయ్యేళ్ళు దాటినా అది నడుస్తూనే ఉంది.

అక్కడ అంతా సవ్యంగా ఉందని కాదు. చుట్టుపక్కల స్థలాల ధరలు పెరిగి, పాత కాపురస్థులు నిలవలేని ఇబ్బంది ఆ పేటకీ వచ్చింది. కానీ ఆ పని పుట్టిందే ఒక కుర్రాడి మాట వినడంలో. బ్రాంక్స్‌లో పిల్లల చేతికి రంగులిచ్చారు, మైకిచ్చారు, పత్రికిచ్చారు. తాళంచెవి మాత్రం ఇవ్వలేదు.

అందుకని గ్రాంషి మాన్యుమెంట్‌ని నేను అబద్ధమనను, సగం నిజమంటాను. మంచి పందిరే. ఆ వేసవి పదేళ్ళుండి, ఆ గదిలో బొమ్మలు వేసిన పిల్లకి ఇప్పుడు ఇరవై దాటి ఉంటాయి. ఆమెకి జ్ఞాపకం మిగిలిందని కళాకారుడు సంతోషించవచ్చు. నాకు మాత్రం, గడ్డి మీద గదుల గుర్తులు చూస్తూ నిలబడ్డ ఆ సెప్టెంబరు 16 కళ్ళముందు మెదులుతుంది.

ఈసారి నిమజ్జనం మర్నాడు కేకెయ్యబోయే ముందు, నేనొకసారి వీధిలోకి వెళ్ళి ఆ పిల్లల్ని అడుగుదామనుకుంటున్నాను, "ఇక్కడ ఇంకేం ఉంటే బావుంటుందర్రా?" అని.