చల్లని చెయ్యి

“ఏమ్మా, నన్ను ముట్టుకోడానికి రోతగా ఉందా?”

వృద్ధాశ్రమంలో నర్సుగా చేరిన కొత్తలో మంచం పట్టిన మామ్మగారు అడిగిన మాట ఇది. అప్పుడు నేను గ్లవ్స్ వేసుకుని ఆవిడకు ఇడ్లీ తినిపిస్తున్నాను. అవే గ్లవ్స్‌తో పక్క మంచం దగ్గరికీ వెళ్లేదాన్ని. అదే శుభ్రమనుకున్నాను.

రెండూ తప్పే. సాధారణంగా రక్తం, మలమూత్రాలు, పుండ్లు తాకేటప్పుడే గ్లవ్స్. ఒకరికి వాడినవి ఇంకొకరికి వాడకూడదు. తీశాక చేతులు కడుక్కోవాల్సిందే. అన్నం పెట్టడానికి, తల దువ్వడానికి కడిగిన ఉత్త చెయ్యి చాలు.

చేతులు ఎప్పుడు కడగాలో ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లోనే స్పష్టంగా చెప్పింది. మనిషిని తాకే ముందు, తాకాక. గొట్టాలు, కట్లు ముట్టుకునే ముందు. ఒంటి స్రావాలు అంటాక. మంచం చుట్టూ ఉన్న వస్తువులు తాకాక. శానిటైజర్‌తో 20 నుంచి 30 సెకన్లు, సబ్బుతో 40 నుంచి 60. అంటు విరేచనాలు ఉన్నవాళ్ల గదిలో సబ్బూ నీళ్లే దిక్కు. కొన్ని క్రిములు శానిటైజర్‌కు లొంగవు.

యూరిన్ బ్యాగు పొత్తికడుపు కంటే కిందే వేలాడాలి, నేలకు మాత్రం తగలకూడదు. పైకెత్తితే మూత్రం వెనక్కి మళ్లుతుంది, దాంతోపాటు క్రిములూ. పెద్దవాళ్లలో ఇన్ఫెక్షన్ సోకినా ఒక్కోసారి జ్వరం కూడా రాదు. నిన్న పేరు పెట్టి పిలిచిన మనిషి ఇవాళ తికమకగా చూస్తే, ముద్ద వద్దంటే, అదే తొలి గుర్తు కావచ్చు. దగ్గర కూర్చునేవాళ్లకే అది తెలుస్తుంది.

2020 ఫిబ్రవరిలో అమెరికాలోని కిర్క్‌లాండ్‌లో ఒక నర్సింగ్ హోమ్‌ను కరోనా చుట్టేసింది. అది పాకడానికి అధికారులు గుర్తించిన కారణాల్లో ఒకటి, ఒంట్లో బాగోకపోయినా సిబ్బంది పనిలోకి రావడం. సెలవు పెడితే జీతం కోసే చోట దగ్గుతున్న ఆయా ఇంట్లో ఎలా ఉంటుంది? కోత లేని సెలవు కూడా ఇన్ఫెక్షన్ నియమమే.

ఇప్పుడు గ్లవ్స్ తొడుక్కునే ముందే చెబుతాను: “మామ్మగారూ, వీపు మీద పుండు కడగాలి. నా చేతి క్రిములు మీకు అంటకూడదు కదా.” కట్టు కట్టాక గ్లవ్స్ తీసి, చేతులు కడుక్కుని వచ్చి పక్కన కూర్చుంటాను.

ఆవిడ నా చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుంటారు. “చల్లగా ఉందే, ఇప్పుడే కడిగావా తల్లీ?” అంటారు.