కృత్రిమ రక్తనాళములు: జంతు పరీక్షలు చెప్పినదెంత?

మన ధమనుల లోపలి గోడకు ఎండోథీలియం అను ఒకే వరుస కణముల పొర కలదు. రక్తము గడ్డకట్టక సాగిపోవుటకు ముఖ్యాధారము ఈ పొరయే. డేక్రాన్, టెఫ్లాన్ గొట్టములకు ఇది ఉండదు. 6 మిల్లీమీటర్లకంటె సన్నని కృత్రిమ నాళములు తరచు పూడిపోవుటకు ఇదొక ముఖ్య కారణము. కాలు దక్కించుకొనవలసిన రోగికి ఇది చిన్న విషయము కాదు.

1952లో ఆర్థర్ వూర్‌హీస్, ఆయన సహచరులు వినియన్-ఎన్ గుడ్డతో కుట్టిన గొట్టములను కుక్కల బృహద్ధమనిలో అమర్చిన ఫలితములను ప్రకటించిరి. నాటినుండి ‘గొట్టములోపల కణపొర పెరిగినది’ అను వార్త ప్రయోగశాలలనుండి పలుమార్లు వచ్చినది. వార్త అబద్ధము కాదు. దానినుండి తీసిన నిర్ణయమే తొందరపాటు.

జంతువులో అమర్చు గొట్టము సాధారణముగా కొద్ది సెంటీమీటర్ల పొడవే. జంతువు లేతవయస్సుది, ఆరోగ్యము గలది. రెండు కొనల కుట్లవద్దనుండి సొంత ధమని కణములు ప్రాకి నడుమ కలిసికొనును. రోగి తొడనుండి మోకాలి క్రిందికి వేయు గొట్టము అంతకు ఎన్నో రెట్లు పొడవు; అతని ధమనులు ముదిరినవి, వ్యాధికి లోనైనవి. మనుష్యునిలో ఈ ప్రాకుట కుట్టునుండి ఒకటి రెండు సెంటీమీటర్లలోనే సాధారణముగా ఆగిపోవును. ఏండ్లు గడచినను నడిమి భాగము పొరలేకనే మిగులును. మనుష్యులలో ఈ మాన్పు అసంపూర్ణమని బెర్గర్, సోవాజ్ ప్రభృతులు 1972లోనే వ్రాసిరి.

బబూన్ కోతుల కథయు ఇట్టిదే. 1986లో అలెగ్జాండర్ క్లోవ్స్ బృందము ప్రకటించిన పరీక్షలో, 60 మైక్రాన్ల సందులుగల టెఫ్లాన్ గొట్టములలోనికి బయటి కణజాలమునుండి సూక్ష్మ రక్తనాళికలు చొచ్చుకొనివచ్చి పొర పరచినవి. అట్టి గొట్టములను పిదప మనుష్యులలో పరీక్షింపగా ఆశించిన మేలు కానరాలేదు.

అట్లని జంతు పరీక్ష వ్యర్థమనుట న్యాయము కాదు. కణములు రాగల దారులు మూడు: కుట్టు కొన, గోడ సందులు, ప్రవహించు రక్తము. కుట్టు దారిని మూసి నడిమి భాగమును మాత్రమే చూచిన పరీక్షకు విలువ హెచ్చు. వియన్నాలో 1989 మొదలు రోగి సిరనుండి తీసిన కణములను పెంచి, గొట్టములోపల పరచి, పిదప కాలిలో అమర్చిరి. అవి మామూలు గొట్టములకంటె ఎక్కువకాలము పూడక నిలిచినవి. పొర ముఖ్యమన్న మూలభావము అట్లు నిలబడినది. కాని ఆ పెంపకమునకు వారములు పట్టును. అత్యవసర రోగి అంతకాలము వేచియుండలేడు.

కావున ఇట్టి ఫలితములను చదువువారు రెండు ప్రశ్నలు వేయవలెను: గొట్టము పొడవెంత? పొరను చూచినది కుట్టుకు ఎంత దూరమున? ఈ రెండును తెలుపని వ్యాసము ఎంత చక్కని చిత్రములు ముద్రించినను, రోగికి పనికివచ్చు సమాధానము ఇచ్చినట్లు కాదు.