హెడ్ ఫేసింగ్‌తో లారీ గుంజుతుందా?

జగిత్యాల నుంచి కోరుట్ల, మెట్‌పల్లి మీదుగా నిజామాబాద్ వెళ్లే దారిలో ఏ మెకానిక్ షెడ్డు ముందు నిలబడ్డా ఒక మాట వినిపిస్తుంది: "అన్నా, బండి గుంజుతలేదు. హెడ్ ఫేసింగ్ కొట్టించి జర కంప్రెషన్ పెంచరాదు." వడ్ల లారీ డ్రైవరైనా, ఎండాకాలంలో చల్‌గల్ మార్కెట్ నుంచి ఢిల్లీకి మామిడి మోసే ఓనరైనా, సిరిసిల్లలో నూలు దించే డీసీఎం బండివాళ్లైనా అడిగేది అదే: హెడ్ అడుగును అరగదీసి చదును చేయమని. ఇంజిన్ పని అంటే నాకు ప్రాణం. అందుకే ఈ నమ్మకం గురించి గట్టిగా చెప్పాలనిపిస్తోంది.

కంప్రెషన్ పెరిగితే బలం పెరుగుతుందన్నది అబద్ధం కాదు. గాలిని ఎంత గట్టిగా నొక్కితే, మంట పుట్టించిన వేడిలో అంత ఎక్కువ వంతు పనిగా మారుతుంది. సిద్ధాంతం లెక్కలో పెట్రోల్ ఇంజిన్ కంప్రెషన్‌ను 8కి 1 నుంచి 10కి 1 చేస్తే సామర్థ్యం సుమారు 56 శాతం నుంచి 60కి చేరుతుంది. డీజిల్ బండి సంగతి వేరు. గాలి ఐదారు వందల డిగ్రీలకు వేడెక్కితేనే ప్లగ్గు లేకుండా డీజిల్ అంటుకుంటుంది కాబట్టి, దాని కంప్రెషన్ మొదటి నుంచే 16, 17, 18 దగ్గర ఉంటుంది. 1897లో రుడాల్ఫ్ డీజిల్ ఆగ్స్‌బర్గ్‌లో నడిపి చూపిన ఇంజిన్‌కు మూలం ఇదే. అంత పైకి వెళ్లాక ఇంకా నొక్కితే వచ్చేది కొంచెమే.

మన రోడ్ల మీద ఏళ్ల తరబడి తిరిగిన టాటా 697 ఇంజిన్‌నే తీసుకోండి. బోరు 97 మిల్లీమీటర్లు, స్ట్రోక్ 128. కంప్రెషన్ 17కి 1 అనుకుందాం. హెడ్ ప్యాకింగ్ పావు మిల్లీమీటరు పలచనిది వేస్తే అది 17.5 అవుతుంది. సామర్థ్యంలో లాభం నూటికి ఒక్క వంతు కూడా ఉండదు. ఆ తేడా డ్రైవర్ కాలికి తెలియదు.

ఇక ఫేసింగ్. పెట్రోల్ బండిలో మంట మండే గుంట హెడ్‌లో ఉంటుంది, అందుకే హెడ్ అరగదీస్తే కంప్రెషన్ పెరుగుతుంది. మన లారీల్లో ఆ గుంట పిస్టన్ తల మీద ఉంటుంది, హెడ్ అడుగు చదునుగా ఉంటుంది. ఎంత కోసినా కంప్రెషన్ దాదాపు అంతే. పైగా వాల్వులు కిందికి దిగి పిస్టన్‌కు తగిలే ప్రమాదం ఉంది, నాజిల్ కొన కూడా ఉండాల్సిన చోటు తప్పుతుంది.

మరి ఫేసింగ్ కొట్టించాక బండి నిజంగానే గుంజుతుంది కదా అంటారు. గుంజుతుంది. హెడ్ విప్పినప్పుడు మిస్త్రీ వాల్వులకు ల్యాపింగ్ చేస్తాడు, వంకర తీయిస్తాడు, కొత్త ప్యాకింగ్ వేస్తాడు. సందుల్లోంచి పోతున్న గాలి ఆగుతుంది. వచ్చింది పెంచిన కంప్రెషన్ కాదు, పోయిన కంప్రెషన్. ఆ పేరు ఫేసింగ్‌కు దక్కుతోంది, గంటల తరబడి వాల్వు తిప్పిన కుర్రాడికి దక్కడం లేదు.

లారీకి అసలు బలం ఎంత గాలి లోపలికి పోతోంది, దానికి తగినంత డీజిల్ మండుతోందా అన్న దాని మీద ఉంటుంది. టర్బో చేసే పని అదే. గాలిని ముందే కుక్కుతుంది కాబట్టి టర్బో ఇంజిన్లకు తయారీదారులు తరచూ కంప్రెషన్ కొంత తగ్గిస్తారు కూడా. గాలి పెంచకుండా పంపు ఒక్కటే తిప్పి డీజిల్ పెంచితే నల్లపొగ వస్తుంది, పిస్టన్ కాలుతుంది.

వరికోతలకు ముందే బండిని షెడ్డుకు తీసుకెళ్లండి. పొద్దున స్టార్టింగ్‌లో తెల్లపొగ వదులుతోందా, ఆయిల్ పోసే మూత విప్పితే పొగ ఎగదన్నుతోందా చూడండి. నాజిల్ తీసి ఆ రంధ్రంలో గేజీ పెట్టించండి. మంచి ఇంజిన్ అయితే సుమారు 25 నుంచి 30 బార్ చూపిస్తుంది, సిలిండర్ల మధ్య పెద్ద తేడా ఉండదు. ఏ సిలిండర్‌లో తగ్గిందో తెలిశాకే హెడ్ విప్పనివ్వండి.