రాక్స్‌బర్గ్ బొమ్మలు: వివరమూ, వాస్తవికతా

వివరాలు పొల్లుపోకుండా రాస్తే అదే వాస్తవికత అనే అభిప్రాయం మన రచయితల్లో ఇంకా బలంగా ఉంది. దీన్ని పరీక్షించడానికి కథలే అక్కర్లేదు. మన సామర్లకోట నుంచి లండన్ చేరిన ఒక బొమ్మల పుస్తకం చాలు.

విలియం రాక్స్‌బర్గ్ ఈస్టిండియా కంపెనీ వైద్యుడు. 1781 నుంచి 1793 దాకా సామర్లకోటలో ఉండి, మిరియాల తోట వేయించాడు. చుట్టుపక్కల మొక్కలను స్థానిక చిత్రకారుల చేత రంగుల్లో గీయించాడు. వాటిలోంచి ఎంపికైన 300 బొమ్మలు 1795–1820 మధ్య 'ప్లాంట్స్ ఆఫ్ ది కోస్ట్ ఆఫ్ కోరమాండల్' అనే పేరుతో మూడు సంపుటాలుగా లండన్‌లో అచ్చయ్యాయి. మన చిత్రకారుడి బొమ్మను అక్కడి పనివాడు రాగిరేకు మీద సన్నని ఉలితో గీతలుగా చెక్కాడు. ఆ గాడుల్లో సిరా నింపి, పైపైన తుడిచి, కాగితం మీద అదిమి అచ్చు తీశారు. ఆ తర్వాత ప్రతులకు చేత్తో రంగులు వేశారు.

పనితనం గొప్పది. ఆకు ఈనె, పువ్వు కేసరం, కోసి చూపిన కాయ, అన్నీ ఉన్నాయి. అయితే ప్రతి మొక్కా తెల్ల కాగితం మీద ఒంటరిగా నిలబడింది. దాని చుట్టూ చేను లేదు, గట్టు లేదు, మనిషి లేడు. మొక్కను గుర్తుపట్టే శాస్త్రానికి ఈ ఏకాంతం అవసరమే. మొత్తం సత్యం ఇదేనని నమ్మితేనే చిక్కు.

చిరివేరు బొమ్మనే చూడండి. మన తీరప్రాంతపు అద్దకాలకు ఎరుపునిచ్చింది ఆ వేరే. దాన్ని తవ్విన చెయ్యిగాని, బట్టకు రంగెక్కించిన పనివాడుగాని బొమ్మలో కనిపించరు. కాని బొమ్మకు తోడుగా ఇచ్చిన వివరణలో రాక్స్‌బర్గ్ ఆ వేరు సాగు గురించి, అద్దకం గురించి రాశాడు. మొక్కల తెలుగు పేర్లూ ఇచ్చాడు. బొమ్మ వదిలేసిన మనిషిని అక్షరం కొంతవరకైనా పట్టుకుంది.

కొంతవరకే. ఆ పేర్లు ఆయనకు ఎవరు చెప్పారు? రేకులు చెక్కిన మెకంజీ (కైఫీయతుల మెకంజీ కాదు) పేరు చరిత్రలో నిలిచింది. సామర్లకోటలో కుంచె పట్టినవాడి పేరు నిలవలేదు. శ్రమలో ఇద్దరిదీ సమాన భాగమే. పేరు దగ్గరే పాలకుడికీ పాలితుడికీ తేడా వచ్చింది.

1789–92 కరువు ఉత్తర సర్కార్లను ఊడ్చేసింది. రాక్స్‌బర్గ్ దాన్ని కళ్ళారా చూశాడు, తిండికి పనికొచ్చే చెట్లు నాటించాలని సూచించాడు కూడా. బొమ్మల్లో మాత్రం ఆకులు నిగనిగలాడుతూనే ఉన్నాయి. ఒక్క గీతా అబద్ధం కాదు. అయినా కరువు కనబడదు.

మన కథల్లో పొలం, మగ్గం, పడవ ఇలాగే రావడం లేదా? పేర్లు సరిగ్గా ఉంటాయి, యాస సరిగ్గా ఉంటుంది, కూలి రేటు ఉండదు. వస్తువును ఎంత చక్కగా చెక్కాడన్నదే మన విమర్శకు సరిపోతోంది. అది ఎవరి చేతుల మీదుగా వచ్చింది, ఆ చేతుల్ని కథ ఎక్కడ వదిలేసింది అని కూడా విమర్శ అడగాలి.