తంబురాలో నూలుపోగు

కచేరీలో ఎవరి కంటా పడనిదీ, లేకపోతే అందరి చెవికీ తెలిసిపోయేదీ ఒకటుంది. తంబురా గుర్రం మీద, తీగ కింద దూర్చే నూలుపోగు. జీవాళి అంటారు. తంబురా మీటడం కన్నా ఆ పోగు సర్దడమే నాకెక్కువ ఇష్టం. (పాట రానివాడికి అంతకన్నా గతేముందని మా ఇంట్లో అంటారు, అది వేరే సంగతి.)

ముందు బిరడలు తిప్పి పంచమం, సారణి, అనుసారణి, మంద్రం నాలుగూ శ్రుతిలో పెట్టాలి. వెంట్రుకవాసి తేడా మిగిలితే కింద పూసలు జరిపి సరిచేయాలి. ఆ తర్వాతే పోగు పని. తీగ మీటుతూ దాన్ని అటూ ఇటూ జరుపుతుంటే ఒకచోట నాదం మొద్దుబారి ఉంటుంది, ఇంకోచోట గరగరమంటుంది. ఈ రెంటి నడుమ ఎక్కడో తీగ విచ్చుకుంటుంది. అప్పుడు మంద్ర షడ్జం మీటి చూడండి, అందులోంచి అంతర గాంధారం తేలుతుంది. తంబురాలో గాంధారానికి తీగే లేదు! అందుకే దాన్ని స్వయంభువు అన్నారు.

కిటుకంతా గుర్రం వంపులో ఉంది. వయొలిన్‌లో తీగ సన్నటి అంచు మీద ఆనుతుంది. తంబురా గుర్రం వెడల్పు, పైన కొద్దిగా వంపు. పోగు తీగను రవ్వంత ఎత్తుతుంది, కదిలే తీగ ఆ వంపును తాకుతూ వదులుతూ పై స్వరాలను, అంటే అనుస్వరాలను, లేపుతుంది. తీగను మీటిన చోటే ఏ అనుస్వరానికి కదలిక ఉండదో, ఆ అనుస్వరం పలకకూడదని శాస్త్రవేత్తలు యంగ్, హెల్మ్‌హోల్ట్జ్‌ల సూత్రం. మన వీణా తంబురాలు ఆ సూత్రానికి లొంగవని కలకత్తాలో ఉండగా సి.వి. రామన్ 1921లో రాశారు. నోబెల్ రావడానికి తొమ్మిదేళ్ల ముందు మాట.

ఫోన్‌లో శ్రుతి యాప్ మీద నాకు కోపం లేదు. బస్సుల్లో తంబురా మోసినవాళ్ల అవస్థ చూసినవాణ్ణే. కానీ యాప్‌లో శ్రుతి తయారుగా దొరుకుతుంది, వెతుక్కునే పని చెవికి ఉండదు. సంగీతం నేర్చేది ఆ చెవే కదా.

పిల్లలకు పాట చెప్పించే అమ్మానాన్నలకు ఒక మనవి. వారానికొకసారైనా వాళ్ల చేత అసలు తంబురాను శ్రుతి చేయించండి. గురువుగారింట్లో మూలనున్నదైనా చాలు. తీగలు తుప్పుపట్టి ఉంటే మాత్రం ముందు అవి మార్పించండి.