చెడు కబురుకు దారి

ఈ వారం నాకు బాగా నచ్చిన కబురు ఒకటి విన్నాను. ఓ పెద్ద కర్మాగారంలో సేఫ్టీ విభాగంలో పనిచేసే మా బంధువులబ్బాయి ఫోన్ చేసి, ‘‘మా గేటు ముందు బోర్డు తీసేశారు బాబాయ్’’ అన్నాడు. ‘ప్రమాదం లేకుండా గడిచిన రోజులు’ అని రాసి కింద అంకె వేస్తారే, అది. మార్చి 4న జాతీయ భద్రతా దినం పేరిట చేయించే ప్రతిజ్ఞల మీదా, ఈ బోర్డుల మీదా ఏటా రాస్తూనే ఉన్నాను.

తీసేయడానికి కారణం ఉంది. కాంట్రాక్టు కూలీ ఒకతనికి చెయ్యి కాలింది. మేస్త్రీ అతన్ని కంపెనీ డిస్పెన్సరీకి తీసుకెళ్లకుండా, ఆటో ఎక్కించి బయట క్లినిక్కులో కట్టు కట్టించాడు. రిజిస్టరులో పేరెక్కితే బోర్డు మీద అంకె సున్నాకు వస్తుంది, ఆ నెల అందరికీ రావలసిన బహుమతి పోతుంది. తోటివాళ్లు తిడతారని గాయపడ్డవాడే నోరు విప్పలేదు. సంగతి బయటపడ్డాక పై అధికారి మేస్త్రీ మీద పడకుండా బోర్డు తీయించాడు. ఆ అధికారికి నా నమస్కారం.

గాయాల లెక్క బాగున్నచోట ఘోరాలు జరగవన్న భరోసా ఏమీ లేదు. 2010 ఏప్రిల్ 20న గల్ఫ్ ఆఫ్ మెక్సికోలో డీప్‌వాటర్ హొరైజన్ చమురు రిగ్ మీదికి పెద్ద అధికారులు వచ్చారు. పని మానేయాల్సినంత గాయం ఏడేళ్లుగా ఒక్కటీ లేదని సిబ్బందిని అభినందించడం కూడా ఆ పర్యటనలో భాగం. ఆ రాత్రే రిగ్ పేలి 11 మంది చనిపోయారు. అంతకు ముందు, 2005 మార్చి 23న, టెక్సాస్ సిటీలో బీపీ రిఫైనరీ పేలింది. టవర్‌లో ద్రవం పొంగుతుంటే లెవెల్ చూపే పరికరం తగ్గుతున్నట్టు చూపింది. పోయిన 15 మందీ కాంట్రాక్టు సిబ్బందే. తర్వాత వేసిన బేకర్ ప్యానెల్ తేల్చింది ఇదే: ఒంటి గాయాల రేటు తగ్గడం చూసి, గొట్టాలూ టవర్లూ కూడా భద్రంగానే ఉన్నాయని కంపెనీ అనుకుంది. మెట్ల మీద జారిపడ్డవాళ్లను లెక్కపెడితే టవర్‌లో ఏం జరుగుతోందో తెలియదు.

అలాగైతే అంకెలన్నీ పారేసి, మనుషుల మధ్య నమ్మకం పెంచితే సరిపోతుందా? ఆల్కోవా చరిత్ర తెలిసినవాళ్లు ఆ మాట అనలేరు.

ఆల్కోవా అమెరికాలో పెద్ద అల్యూమినియం కంపెనీ. 1987లో పాల్ ఓనీల్ దానికి అధిపతి అయ్యాడు. ఆ అక్టోబరులో మదుపరుల ముందు మొదటిసారి మాట్లాడుతూ లాభాల ఊసెత్తలేదు. కార్మికుల గాయాలతో మొదలుపెట్టాడు, హాల్లో అత్యవసర ద్వారాలు ఎటున్నాయో చూపించాడు. కొన్ని నెలలకే అరిజోనా ప్లాంటులో ఒక కొత్త కుర్రాడు, ఇరుక్కున్న లోహపు ముక్క తీయడానికి కంచె దాటి యంత్రంలోకి దిగి, చేయి లాంటి ఇనుప కడ్డీ తలకు తగిలి చనిపోయాడు. అతను దిగడం చూసిన మేనేజర్లు ఆపలేదు. ఓనీల్ అందరినీ కూర్చోబెట్టి, ఈ చావు మన చేతుల మీదుగా జరిగిందని, మొదటి బాధ్యత తనదేనని చెప్పాడు. అక్కడితో ఊరుకోలేదు. ఎక్కడ ఎవరికి గాయమైనా, ఆ విభాగపు అధిపతి 24 గంటల్లో తనకు చెప్పాలన్నాడు. ఆ గాయం మళ్లీ జరగకుండా ఏం చేస్తారో కూడా అప్పుడే చెప్పాలి. ఈ రెండు షరతుల వల్లే పనితీరు మారింది. 24 గంటల్లో చెప్పాలంటే అధిపతికి ఫోర్‌మన్ వెంటనే చెప్పాలి. ఫోర్‌మన్‌కు ఉపాయం తోచాలంటే యంత్రం దగ్గర నిలబడ్డవాణ్ని అడగక తప్పదు. ఓనీల్ తన ఇంటి ఫోన్ నంబరు కూడా కార్మికులకు ఇచ్చాడు. 1987లో ప్రతి 100 మందికి 1.86గా ఉన్న పనిదినం పోగొట్టే గాయాల రేటు 2000 నాటికి 0.2కు దిగింది.

గేటు ముందు బోర్డు మీద ఉన్నట్టే అక్కడా ఉన్నది ఒక అంకె. కానీ దానికి జవాబు చెప్పాల్సింది విభాగపు అధిపతి, చెయ్యి కాలిన కూలీ కాదు.

ఈ కథలో నన్ను ఎక్కువగా పట్టుకునే ఘట్టం వేరే ఉంది. 1996లో పిట్స్‌బర్గ్‌లో వాటాదారుల సమావేశం జరిగింది. ఒక బెనెడిక్టైన్ సన్యాసిని లేచి, మెక్సికోలోని ఆకున్యా ప్లాంటులో కార్మికులు వాయువులు పీల్చి జబ్బుపడుతున్నారని చెప్పింది. ఓనీల్ మొదట తన గొప్ప రికార్డునే చూపించాడు. తర్వాత మనుషుల్ని పంపి విచారిస్తే ఆమె మాట నిజమని తేలింది. ఆ సంఘటనలు ప్రధాన కార్యాలయానికి చేరనే లేదు. ఆ విభాగం చూసే పెద్ద అధికారిని, వ్యాపారం బాగా చేసినవాణ్నే, ఓనీల్ ఉద్యోగం నుంచి తీసేశాడు. ప్రమాదం జరిగినందుకు కాదు, కబురు దాచినందుకు. అంత శ్రద్ధగల కంపెనీలోనే ఒక చెడు కబురు, దేశం దాటి, సన్యాసిని నోట వినిపించాల్సి వచ్చింది. ఇక మన పారిశ్రామికవాడల సంగతి చెప్పాలా?

అచ్యుతాపురంలో 2024 ఆగస్టు 21న ఫ్యాక్టరీ ప్రమాదంలో 17 మంది పోయారు. పాశమైలారంలో 2025 జూన్ 30న మరో ఫ్యాక్టరీ ప్రమాదంలో 50 మందికి పైగా పోయారు. వారిలో ఒడిశా, బీహార్, ఉత్తరప్రదేశ్ నుంచి వచ్చినవాళ్లు ఎందరో. రియాక్టరు దగ్గర ఏదో తేడా కొడుతోందని అలాంటి మనిషికి అనిపిస్తే ఎవరితో చెప్పాలి? ఏ భాషలో? చట్టంలో దారి లేకపోలేదు. భోపాల్ గ్యాస్ దుర్ఘటన తర్వాత 1987లో ఫ్యాక్టరీల చట్టానికి 41హెచ్ సెక్షన్ చేర్చారు. ప్రాణానికి ముప్పు ముంచుకొస్తోందని అనుమానం కలిగితే యాజమాన్యానికీ ఇన్‌స్పెక్టరుకూ చెప్పే హక్కు అది. కొత్త కార్మిక కోడ్‌లోనూ ఆ హక్కు ఉంది. కానీ కాంట్రాక్టరు తక్కువ ధరకు టెండరు వేసి పని పడతాడు. పని ఆగిన గంటలకు అతనికి డబ్బు రాదు, అందుకని కూలీకీ రాదు. పని ఆపమన్నవాడు రేపు గేటులోకి వస్తాడో రాడో తెలియదు. ఇల్లు గడవాల్సిన మనిషిని ధైర్యంగా మాట్లాడమని పోస్టర్లతో, ప్రతిజ్ఞలతో అడగడం నాకు న్యాయంగా తోచదు. ఆ ధైర్యానికి అయ్యే ఖర్చు కంపెనీయే భరించాలి.

ఫోన్ చేసిన మా బంధువులబ్బాయితో కూడా ఇదే అన్నాను. బోర్డు తీసేయడం మంచి పనే, కానీ లెక్క మానకూడదు. ఎన్నిసార్లు పని ఆపారు, తృటిలో తప్పిన ప్రమాదాలు ఎన్ని చెప్పారు, అందులో కాంట్రాక్టు కార్మికులు చెప్పినవి ఎన్ని, వాటిలో ఎన్నింటికి మరమ్మతు జరిగింది. ఈ లెక్క రోజూ ఉదయం మేనేజింగ్ డైరెక్టరు బల్ల మీదికి రావాలి.

పెద్ద కంపెనీల యజమానులకు ఒక విన్నపం. మీరు వచ్చే నెల పిలిచే టెండరులో ఒక్క షరతు చేర్చండి: భద్రత కోసం పని ఆపిన ప్రతి గంటకూ కూలీకి పూర్తి కూలి కంపెనీయే చెల్లిస్తుంది, ఆపమన్నవాణ్ని కాంట్రాక్టరు తీసేయడానికి వీల్లేదు.