పగడపు తొట్టిలో పిస్టల్ రొయ్య

ఉప్పునీటి గాజుతొట్టిలో పగడములను పెంచువారికి, రాత్రి దీపములార్పిన పిదప తొట్టిలోనుండి 'టప్పు'మని గాజు బీటవారినట్లు వినవచ్చు చప్పుడు కలిగించు భీతి యింతింత యనరానిది. లేచి నాలుగు ప్రక్కలను తడిమి చూతురు. చుక్క నీరైనను కారి యుండదు. సముద్రమునుండి తెచ్చిన రాళ్ల రంధ్రములలో దాగి, కొన్నవానికి తెలియకయే యింట చేరిన పిస్టల్ రొయ్యయే తరచుగా ఆ చప్పుడునకు మూలము.

ఆల్ఫియస్ జాతికి చెందిన ఈ రొయ్య తొట్టెలలో సామాన్యముగా రెండంగుళములకు మించి పెరుగదు. దాని రెండు డెక్కలలో నొకటి దేహమునకు మించిన బరువుగా కనిపించునంత పెద్దది. ఆ డెక్క కదలు భాగమున నొక మొన, కదలని భాగమున ఆ మొనకు సరిపడు గుంట గలవు. తెరచిన డెక్క తటాలున మూసికొన్నంతనే గుంటలోని నీరు సన్నని ధారగా వెలికి చిమ్మును; ఆ వేగమునకు పీడనము పడిపోయి ఆవిరిబుడగ యొకటి పుట్టును; మరుక్షణమే అది కూలిపోవును. చప్పుడు ఆ బుడగ కూలుటవలననే కలుగుచున్నదని వెర్స్లూయిస్, ష్మిట్జ్, లోజె అను శాస్త్రజ్ఞులు 2000లో అతివేగపు కెమెరాతో నిరూపించిరి. బుడగలోపలి వేడిమి 5,000 కెల్విన్లకు తక్కువ కాదని మరుసటి యేట వెల్లడించిరి. ఇంతటి వేడిమియు లిప్తకాలము, అత్యల్ప స్థలమున మాత్రమే యుండునది గనుక, డెక్కకు ఎదురుగా చిక్కిన చిన్న ప్రాణి మూర్ఛిల్లునే గాని తొట్టి గాజునకు హాని లేదు. గాజు పగులగొట్టగలదన్న అపకీర్తి మాంటిస్ రొయ్యది; అది వేరొక వర్గపు జీవి, గదవంటి అవయవముతో మోదునది.

అసలు ప్రమాదము దాని త్రవ్వకమున నున్నది. పగలనక రేయనక ఇసుక తోడి, గుల్లముక్కలను పేర్చి సొరంగములు చేయు ఈ ప్రాణి, ఇసుకమీద నిలిపిన రాతి క్రింద ఒకనాడు శూన్యము కల్పించును. రాయి దొర్లి పగడములు విరుగును, ఒక్కొక్కప్పుడు గాజునకే దెబ్బ తగులును. అందువలన అనుభవజ్ఞులు మొదట రాళ్లను తొట్టి అడుగున గట్టిగా నిలిపి, ఆ మీదటనే ఇసుక పోయుదురు. ఆ ఇసుక రెండు మూడంగుళముల లోతున, గుల్లముక్కలు కలిసి యుండవలెను, మెత్తని ఇసుక మాత్రమే యైనచో సొరంగము నిలువదు. పగడములను రంధ్రపు ముఖమునకు దూరముగా నుంచుదురు. చిన్న నత్తలును, చిన్న రొయ్యలును అప్పుడప్పుడు దాని కాహారమగుట తప్పదు; వానిపై మమకారము గలవారు దీనిని తేకుండుట మేలు.

ఇక ఈ పెంపకమునకు పరమార్థము దాని సహవాసమున గలదు. పులిచారల రొయ్యయగు ఆల్ఫియస్ బెల్యులస్‌ను, పసుపువన్నె కాపలా గోబీ చేపను ఒకే తొట్టిలో విడిచినచో, అనేక పర్యాయములు అవి తమంతట తామే ఒక్క రంధ్రమున చేరును. రొయ్యకు చూపు మందము. అది కన్నులున్నవాని భుజముపై చేయివేసి నడచు అంధునివలె, బయటికి వచ్చునప్పుడెల్ల ఒక మీసమును చేప దేహమునకు ఆనించియే యుంచును. ముఖద్వారమున కాపున్న చేప, శత్రువు నీడ పడగనే తోక నల్లార్చును. రొయ్య చటుక్కున వెనుకంజ వేయును. భయము మరింతయైనచో చేపయు తలక్రిందుగా లోపలికి దూకును. ఒకటి త్రవ్వి యిల్లు కట్టును, వేరొకటి కావలి కాయును. సముద్రపు అడుగున జరుగు ఈ ఒడంబడికను ఇంటిలో కూర్చుండి కన్నులార చూచు భాగ్యము కొరకే, రొయ్య చేయు చిన్న చిన్న అపరాధములను క్షమింపవచ్చునని నా నిశ్చితాభిప్రాయము.

గోబీ గంతువేసి బయట పడకుండ తొట్టిపై జల్లెడమూత ఉంచవలెను. రాళ్లు ఇంకను ఇసుకమీదనే యున్నవారు, రొయ్యను కొనుటకు ముందే వానిని అడుగునకు దించి కదలకుండ నిలుపుకొందురు గాక.